కారు బానెట్ కింద శుభ్రం చేస్తున్నారా? ఏది తడపాలి, ఏది తడపకూడదు

పండక్కో పెళ్లికో ఊరెళ్లే ముందు కారు కడిగించడం మన ఇళ్లలో మామూలే. బయటంతా తళతళలాడాక బానెట్ ఎత్తితే లోపల ఏళ్లనాటి దుమ్ము, నూనె జిడ్డు, ఎండిన వేపాకులు కనిపిస్తాయి. పనిలో పనిగా ఇక్కడా ఒకసారి పైపు పట్టేద్దాం అనిపిస్తుంది. చాలా బండ్లకు తంటా అక్కడే మొదలవుతుంది.

మా మామూ పాత పెట్రోల్ కారుకు అదే జరిగింది. గుంటూరు ప్రయాణానికి ముందు రోజు ఒక వాటర్ వాష్ షాపులో ఇంజిన్ మీద ప్రెషర్ గన్‌తో కొట్టించారు. ఇల్లు చేరేసరికి బండి దడదడ వణుకుతోంది, పికప్ లేదు, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు. మెకానిక్ వచ్చి కాయిల్ ఊడదీస్తే, స్పార్క్ ప్లగ్ ఉండే గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక కాయిల్ మార్చాల్సి వచ్చింది. ఊరికేమో అందరూ బస్సులో వెళ్లారు.

'వానలో తిరిగే బండే కదా, నాలుగు నీళ్లు పడితే ఏమవుతుంది?' అని మామూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాన నీళ్లు పైనుంచి పడకుండా బానెట్ కాపాడుతుంది, కింద నుంచి వచ్చేది చిమ్మే నీళ్లు మాత్రమే. వైర్ల కనెక్టర్లకు ఉండే రబ్బరు సీళ్లు ఆ చిమ్మడాన్ని తట్టుకుంటాయి. దగ్గర్నుంచి ప్రెషర్‌తో కొడితే నీళ్లు సీలును దాటి లోపలికి దూరతాయి. బండి పాతదైతే ఆ రబ్బరు గట్టిపడి పగిలి కూడా ఉంటుంది. అందుకే ఇంట్లో ఈ పనికి పైపు, ప్రెషర్ గన్ రెండూ వద్దు. అర బకెట్ నీళ్లు, ఒక పెయింటింగ్ బ్రష్, పాత టూత్‌బ్రష్, నాలుగైదు కాటన్ బట్టలు చాలు.

ముందు చూడండి, తర్వాతే తుడవండి

బట్ట పట్టే ముందు ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. మిగతాదంతా పొడి దుమ్ముతో ఉండి, ఒక్క చోట మాత్రం తడిగా, నల్లగా జిడ్డు పట్టి ఉంటే అక్కడ ఆయిల్ లీక్ ఉండొచ్చు. రబ్బరు గొట్టాలు కలిసే చోట తెల్లగానో, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లోనో మరక ఎండిపోయి ఉంటే అది కూలెంట్ కావొచ్చు. చూసుకోకుండా తుడిచేస్తే ఆ ఆనవాళ్లు పోతాయి, మెకానిక్‌కు చూపించడానికి ఏమీ మిగలదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో నిలిపే బండ్లకు ఇంకో గొడవ ఎలుకలు. గుడ్డపేలికలు, రొట్టె ముక్కలు, కోడి ఎముకలు దొరికాయంటే అవి అక్కడ కాపురం పెట్టినట్టే. పెంటికల్ని పొడిగా ఊడవకండి. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి. గ్లౌజులు, మాస్కు వేసుకుని, నీళ్లు కలిపిన బ్లీచింగ్ ద్రావణంలో తడిపిన బట్టను వాటి మీద కాసేపు ఉంచి, తర్వాత ఎత్తేయండి. కొరికిన వైరు కనబడితే మాత్రం శుభ్రం అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. పొద్దున్నే బండి తీయకముందు మంచి సమయం. వేడి మీద సైలెన్సర్ వైపు వెళ్లే గొట్టాలు చెయ్యి కాలుస్తాయి, పూసిన మందు తుడిచేలోపే ఎండి మరకలవుతుంది. రేడియేటర్ మూత గానీ కూలెంట్ డబ్బా మూత గానీ వేడిగా ఉన్నప్పుడు అస్సలు తిప్పకూడదు. లోపల ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ ముఖం మీదికి ఎగదన్నుతుంది. తాళం తీసేసినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, కాబట్టి అటు వేళ్లు పెట్టకండి. బటన్ స్టార్ట్ బండి అయితే రిమోట్‌ను ఇంట్లో వదిలి రండి.

ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు, అంటే మైనస్ గుర్తున్నది, విప్పి పక్కకు జరపండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. ఇది తారుమారైతే పాజిటివ్ మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. వైరు విప్పితే గడియారం, రేడియో సెట్టింగులు పోవచ్చు. మీ బండి మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు కవర్లు. బెల్టుతో తిరుగుతూ, ఒంటినిండా గాళ్లు ఉన్న అల్యూమినియం డబ్బా లాంటిది ఆల్టర్నేటర్. దానికీ, ఫ్యూజ్ బాక్సుకూ, గాలి ఫిల్టర్‌కు గాలి వెళ్లే నోటికీ, ఈసీయూ పెట్టెకూ, కాయిల్స్‌కూ ప్లాస్టిక్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. ఎన్ని కవర్లు చుట్టారో లెక్క రాసుకోండి. ఇది చాదస్తం కాదు. ఒకటి మర్చిపోయి స్టార్ట్ చేస్తే అది గాలి నోట్లోకి లాక్కుపోవచ్చు, వేడి గొట్టం మీద కరిగి అంటుకోవచ్చు.

తుడవడం

మొదట పొడి పని. వైపర్ల కింది జాలీలో పేరుకున్న ఆకులు చేత్తో ఏరేయండి. అక్కడి నీళ్లు పోయే దారి మూసుకుపోతే వానాకాలంలో కారు లోపలికే నీళ్లొస్తాయి. దుమ్మును బ్రష్‌తో రాల్చండి, ఇంట్లో వాక్యూమ్ ఉంటే పీల్చేయండి. సగం శుభ్రం ఇక్కడే అయిపోతుంది.

తర్వాత నీళ్లలో కొంచెం కారు షాంపూ కలిపి, బట్ట ముంచి గట్టిగా పిండి తుడవండి. నీళ్లు కారకూడదు. జిడ్డు వదలని చోట మాత్రం నీళ్లతో చేసిన డీగ్రీజర్‌ను బ్రష్‌కు అద్ది రుద్దండి. డబ్బా మీద చెప్పినంతసేపే ఉంచి, ఎండకముందే తడిబట్టతో రెండుసార్లు తుడిచేయండి.

కిరసనాయిలు, మన తెలంగాణలో గ్యాస్‌నూనె అంటాం, లేదంటే డీజిల్ కొట్టి కడిగే అలవాటు ఇంకా పోలేదు. మెరుపు వస్తుంది, నిజమే. కానీ ఆ పొర దుమ్మును లాగుతుంది, రబ్బరు గొట్టాల్ని ఉబ్బిస్తుంది, వేడి భాగం మీద మిగిలితే మంట అంటుకోవచ్చు. పెట్రోల్ మాట ఎత్తనే వద్దు. మెరుపు కోసం కొబ్బరినూనె పూసేవాళ్లనూ చూశాను, దానికీ దుమ్మే అంటుతుంది. మెరుపు కావాలంటే ప్లాస్టిక్ డ్రెస్సింగ్‌ను బట్టకు అద్ది ప్లాస్టిక్ మూతల మీద పల్చగా రాయండి. బెల్టుకు మాత్రం ఏదీ తగలకూడదు, తగిలితే జారుతుంది, కీచుమంటుంది.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, నీలంగా బూజులా పట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి టూత్‌బ్రష్‌తో రుద్దండి. అది యాసిడ్ సంబంధమైనది, కాబట్టి కళ్లద్దాలు, గ్లౌజులు తప్పవు. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోనివ్వకండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి. వాటి జోలికి పోకుండా చుట్టుపక్కల పొడిబట్టతో దుమ్ము తుడిచి ఊరుకోండి, మిగతాది కంపెనీ సర్వీసు సెంటర్‌కు వదిలేయండి. సీఎన్‌జీ బండి దగ్గర గ్యాస్ వాసన వస్తే పని ఆపేసి, మెకానిక్ చూసేదాకా స్టార్ట్ చేయకండి.

అంతా అయ్యాక పొడిబట్టతో అద్ది, బానెట్ తెరిచే ఉంచి కనీసం గంటసేపు ఎండలో ఆరనివ్వండి. కవర్లు లెక్కపెట్టి తీసి, బ్యాటరీ బిగించి, ఆరుబయట స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన ఉండదు. దుపట్టా, వదులు కుర్తా చేతులు, పిల్లలు బెల్టుకు దూరంగా ఉండాలి. కొద్దిగా ఆవిరి వస్తే భయం లేదు. కాలిన వాసన వచ్చినా, ఇంజిన్ వణికినా ఆపేయండి.

జిడ్డు నీళ్లు వీధి కాలువలో పోయకండి, నూనె బట్టలు వంటింటి దగ్గర పెట్టకండి. కూలెంట్ చుక్కలు కింద పడితే వెంటనే తుడవండి. అది తియ్యగా ఉంటుంది, విషం కూడా. పిల్లులు నాకుతాయి.

ఏడాదికి ఒకసారి, వానలు వెనకబట్టాక, ఇలా చేస్తే ఇంట్లో వాడే బండికి సరిపోతుంది. వారం తిరిగాక మళ్లీ బానెట్ ఎత్తి మొదటి ఫొటోలతో పోల్చి చూడండి. తుడిచిన చోటే మళ్లీ తడి కనిపిస్తే, ఆ రెండు ఫొటోలూ మెకానిక్‌కు చూపించండి.