నల్లమల వేసవి విడుదులు

వైశాఖము ప్రవేశించునప్పటికి నంద్యాల సీమలోని నల్లరేగడి నేలలు నెఱ్ఱెలు విచ్చును. పడమట ఎఱ్ఱమలలు, తూర్పున నల్లమలలు, నడుమ కుందూ నది. ఈ పల్లపు సీమలో మధ్యాహ్నపు వేళ ఆకు కదలదు. వీధిలో మనిషి కానరాడు. ఆళ్లగడ్డలో విగ్రహములు చెక్కు శిల్పులు సైతము ఎండ ముదరకమునుపే నీడకు చేరుదురు. ఇట్టి దినములలో బడి మూసిన పిల్లలు ఇంటింట పెద్దలనడుగు ప్రశ్న యొకటే: "ఈ సెలవులకు ఎక్కడికి పోదాము?"

ఈ చిన్న ప్రశ్నకు పెద్ద చరిత్ర గలదు. వేసవిలో కొండకు పోయి విశ్రమించుట మనకు పాశ్చాత్యులు నేర్పిన వేడుక యని పలువురు తలతురు. అది యెంతవరకు నిజమో నేడు విచారింతము.

ఆల్ప్స్ పర్వతములు యూరపునకు వేసవి విడిది యగుట బహు ప్రాచీన విషయము కాదు. పదునెనిమిదవ శతాబ్ది వరకు ఆ మంచు శిఖరములన్న అచటి పల్లెవారికే భయము. 1786వ సంవత్సరము ఆగష్టు నెలలో షామొనీ గ్రామమునకు చెందిన పక్కార్ అను వైద్యుడును, బల్మా అను కొండవాడును మోఁబ్లాఁ శిఖరమును తొలిసారి యెక్కిరి. ఆనాటి నుండి భయము కుతూహలమైనది, కుతూహలము వినోదమైనది. 1863లో థామస్ కుక్ ఆంగ్ల యాత్రికుల నొక జట్టుగా స్విట్జర్లాండునకు తోడ్కొని పోయెను. పిమ్మట రైళ్లు వచ్చినవి, హోటళ్లు వెలసినవి. పచ్చిక బయళ్లలో నడచుట, సరస్సులలో పడవలు నడుపుట, శిఖరముల నెక్కుట వేసవి కార్యక్రమములైనవి. 1871 నాటికి లెస్లీ స్టీఫెన్ అను ఆంగ్ల రచయిత ఆల్ప్స్ కొండలను యూరపు ఖండపు ఆటస్థలమని పేర్కొని, ఆ పేరుతోనే గ్రంథము వ్రాసెను.

ఆ రుచి తెలిసిన ఆంగ్లేయులు మన దేశపు ఎండలలో ఉండవలసి వచ్చినప్పుడు ఆల్ప్స్ పర్వతములకు మారుగా మన కొండలను వెదకుకొనిరి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ 1819లో నీలగిరులెక్కి, కొలది యేండ్లలో తోడాల మేతభూముల నడుమ రాతి భవనము కట్టించెను. అదియే ఉదకమండలమునకు నాంది. 1870 ప్రాంతము నుండి మద్రాసు ప్రభుత్వమే వేసవిలో కాగితపు కట్టలతో, గుమాస్తాలతో సహా ఆ కొండ యెక్కెడిది. 1839లో నవాబు చేజారి, 1858లో జిల్లాగా రూపొందిన మన కర్నూలు నాడు మద్రాసు రాజధానిలోనిదే. కావున మద్రాసులో తేలవలసిన నంద్యాల వ్యవహారము వేసవి వచ్చినచో నీలగిరి నెక్కవలసినదే. రాయలసీమలో మదనపల్లె చెంత ఏనుగు మల్లమ్మ కొండ గలదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కడప కలెక్టరు హార్స్లీ దానిపై వేసవి బంగళా కట్టించుకొనెను. ఏనుగులు పెంచిన పిల్లగా జనులు చెప్పుకొను మల్లమ్మ పేరు మరుగున పడి, కొండకు దొరగారి పేరే స్థిరపడినది. కొండ యెక్కినవాడు కొండకు తన పేరు పెట్టుట ఈ నూతన వేసవి విడిది యొక్క లక్షణము.

మరి నంద్యాలకు తూర్పున అంత సమీపమున ఉన్న నల్లమలలో ఒక ఊటీ ఏల వెలయలేదు? ఈ కొండలలో మిన్నయైన భైరాని కొండ, గుండ్ల బ్రహ్మేశ్వరము సుమారు 3,000 అడుగులకు కొంచెము మించిన యెత్తు మాత్రమే. నీలగిరులవలె చలి పుట్టించు ఎత్తు ఇది కాదు. అంతకన్న ముఖ్య కారణము చలిజ్వరము. నల్లమల నీరు త్రాగినవానికి జ్వరము తప్పదన్న ప్రతీతి ఆ కాలమున గట్టిగా ఉండెను. దోమకాటే దానికి మూలమని పందొమ్మిదవ శతాబ్ది చివర గాని తెలియలేదు. ఏమైననేమి, ఆ జ్వరమే ఈ అడవికి కావలి యైనది.

అయినను మన పూర్వులు ఈ కొండల నెక్కక మానలేదు. మన సీమలో వేసవి విశ్రాంతి బడి గంట నిర్ణయించినది కాదు, పొలము నిర్ణయించినది. రేగడి చేల పంట ఇల్లు చేరినది మొదలు జ్యేష్ఠ పూర్ణిమ నాటి ఏరువాక వరకు రైతునకు, ఎద్దునకు తీరిక. పెండ్లిండ్లు, తిరునాళ్లు, మ్రొక్కుబళ్లు ఆ తీరికలోనివే. సెలవు అను మాట పుట్టక పూర్వమే సెలవు గలదు; దాని పేరు యాత్ర.

ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున ఉన్న అహోబిలము ఆ యాత్రాస్థలములలో ప్రసిద్ధము. తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రముపై పది పాశురములు పాడుచు, చేరుటకు ఎంతయో దుర్లభమైన చోటుగా దీనిని వర్ణించెను. ఆ దుర్గమ మార్గమున పదునాలుగవ శతాబ్దిలో మెట్లు కట్టించినవాడు రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి. శ్రీశైలమునకును ఆయనయే సోపానములు కట్టించెను. ఆయన ఆస్థాన కవి ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణమున ఈ అహోబిల మహిమనే కావ్యవస్తువుగా గ్రహించెను. 1515-16 ప్రాంతమున కళింగ దండయాత్రా సందర్భమున శ్రీకృష్ణదేవరాయలు ఇచటికి వచ్చి స్వామికి హారములు, రత్నాభరణములు, బంగారు పళ్లెరము, వేయి వరహాలు సమర్పించినట్లు శాసనము గలదు. అంతటి చక్రవర్తి యెక్కినను కొండకు రాయల పేరు రాలేదు. వచ్చినవాడు ఇచ్చి పోయెనే గాని, కొండను తనదిగా చేసికొనలేదు.

ఇక సెలవు పెట్టి కొండకు వచ్చిన ఉద్యోగి కథ వినుడు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీముకోర్టులో ఇంటర్ప్రిటరు. 1830 మే 18వ తేదీన, మండు వేసవిలో, కోర్టువారి యొద్ద సెలవు పొంది, సుమారు నూరుమంది పరివారముతో ఆయన కాశీకి పయనమాయెను. తిరుపతి, కడప దాటి అహోబిలము, మహానంది సేవించుకొని, ఆత్మకూరు మీదుగా శ్రీశైలమెక్కి, పిదప హైదరాబాదు చేరెను. కాశీ, గయ ముగించుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీన మద్రాసునకు తిరిగి వచ్చెను. దారి పొడుగునను మిత్రుడు శ్రీనివాసపిళ్లకు వ్రాసిన సంగతులే 1838లో "కాశీయాత్ర చరిత్ర" గా అచ్చైనవి.

ఆయన యాత్రను నేటి విహారముతో పోల్చి చూడదగును. డేరాలు, పల్లకీలు, బోయీలు, వంటవారు. ముందు మజిలీలో నీరు గలదా, బియ్యము దొరకునా యన్న చింత. అడవి దారిలో జ్వర భయము. శ్రీశైలము పోవువారు కందనూరు నవాబునకు పన్ను చెల్లింపవలెను. అడవిలో దారి చూపి కాపాడు చెంచుల యండ కావలెను. సుఖము కొరకై పోవువాడు ఇన్ని శ్రమలకు ఓర్చునా? కాని విశ్రాంతి యనగా శ్రమ లేకుండుట యని ఆయన తలచినట్లు తోచదు. నిత్యమును విడిచి నూతనమును కనుటయే ఆయనకు విశ్రాంతి. క్షేత్రమాహాత్మ్యముతో పాటు ఊరి అంగళ్లు, నీటి రుచి, నేల స్వభావము, జనుల నడవడి సమముగా గమనించెను. సలివన్ నాటిన ఊటీ పట్టణమగుచున్న కాలమున, మద్రాసు నగరపు తెలుగు ఉద్యోగి నల్లమల బాట పట్టుట మనము మరువరానిది.

1880వ దశకమున గుంతకల్లు నుండి నల్లమలను చీల్చుకొని బెజవాడ దిక్కునకు మీటరు గేజి రైలుదారి నిర్మాణమైనది. నాటి నుండి మహానంది యాత్ర సుకరమైనది. మా బాల్యమున గూడ వేసవి సెలవులనగా మాకు ఆ రైలే. నంద్యాలలో ఎక్కి గాజులపల్లెలో దిగి, అక్కడినుండి ఏది దొరికిన అది యెక్కి మహానంది చేరెడివారము. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పెరుగన్నము మూటలలో ఉండెడివి. బనగానపల్లె మామిడిపండ్ల బుట్ట పెద్దల ఒడి దిగెడిది కాదు.

మహానంది నీటిని గూర్చి చూడనివారికి చెప్పుట కష్టము. స్వామి గర్భాలయము క్రింద నుండి ఊరిన బుగ్గ రుద్రగుండమును నింపి, ప్రాకారము వెలుపలి బ్రహ్మ, విష్ణు గుండములలోనికి పారును. నిలువెత్తు నీటి అడుగున పడిన నాణెము మీది బొమ్మ కనబడును. ఎండకాలమున చల్లగను, చలికాలమున గోరువెచ్చగను తోచును. ఆ నీరే బయటికి పారి చుట్టుపట్ల అరటితోటలను, వరిమళ్లను తడుపును. ఈత వచ్చినవారు, రానివారు అందరును ఆ గుండములలోనే. ఈత ముగిసిన పిదప మండపపు బండలపై పులిజూదము. మరునాడు ఓపిక గలవారికి చుట్టునున్న నవనందుల దర్శనము.

ఒకసారి మేము పిల్లలమందరము గట్టు మీదినుండి ఒక్కుమ్మడిగ దుముకబోగా మా అవ్వ కేక వేసినది: "నీళ్లకు మొక్కి దిగండి నాయనా, తొక్కి దిగొద్దండి!" నాడు నవ్వుకొంటిమి. నేడు ఈ వేసవి విడుదుల చరిత్ర వ్రాయుచుండగా ఆ మాటయే చెవిలో మ్రోగుచున్నది.

ఏలయన, ఆ నీరు మహానందిలో పుట్టుట లేదు. నల్లమలపై కురిసిన వాన అడవి వేళ్ల నడుమ ఇంకి, రాతి నెఱ్ఱెలలో దిగి, కొండ పాదమున బుగ్గయై లేచుచున్నది. అడవి పలుచనైన వాన ఇంకదు. ఇంకని వాన బుగ్గ కాదు. అహోబిలమున భవనాశి వాగు సంగతియు అట్టిదే. వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు నృసింహ జయంతికి వచ్చు భక్తులు వాగులో నిలిచిన మడుగులు చూచి, పై అడవిని తలచుకొనవలసి యున్నది.

ఆ అడవికి తొలి గృహస్థులు చెంచులు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పరిణయమాడెనని, కావున ఆయన తమ అల్లుడని వారి విశ్వాసము. సంక్రాంతి మొదలు స్వామి ఊరూర తిరుగు పారువేట ఉత్సవమున ఆ బాంధవ్యము నేటికిని కనబడును. పావన నరసింహుని సన్నిధిలో వారి మ్రొక్కులు నేటికిని చెల్లుచున్నవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో ఈ కొండలు సర్కారు రిజర్వులు కాగా, ఇంటివారే ఇంటిలో అనుమతి కోరవలసిన స్థితి వచ్చినది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల సంరక్షణ పథకమున చేరినది. పులికి మేలు జరిగినది, అడవి నిలిచినది. కాని దేవుని అత్తవారింటి వారికి జరుగవలసిన మేలు ఇంకను మిగిలియే యున్నది.

మన పూర్వపు యాత్రలన్నియు నిర్దోషములని మేము చెప్పబోము. తిరునాళ్ల పిమ్మట కొండపై మిగులు చెత్త భక్తి వలన పవిత్రము కాదు. ఆల్ప్స్ విహారులు నేర్పిన మంచియు గలదు: కొండను కొండగా, చెట్టును చెట్టుగా చూచి ఆనందించుట, నడకయందు ప్రీతి, చూచినదానిని కొలిచి వ్రాసికొనుట. వీరాస్వామయ్య కన్ను, అవ్వ మాట రెండును మనకు కావలెను.

శ్రోతలలో ఈ వేసవికి ఊటీ పోవువారు పోవుదురు గాక. నంద్యాల, ఆళ్లగడ్డ వాసులకు మాత్రము విడిది వాకిటనే యున్నది. పిల్లలను ఒకసారి మహానంది గట్టున కూర్చుండబెట్టి ఈ నీరెక్కడిదని అడుగుడు. వారు కొండ వైపు వ్రేలు చూపిన యెడల సెలవులు సార్థకమైనట్లే. నీటిలో దిగుట ఆ పిమ్మట.