దుప్పి వేటకు ఏ తూటా? పాత తుపాకీ ఉన్న ఇళ్లవారికి కొన్ని వివరాలు

మన సంఘం కార్యాలయానికి పింఛను కాగితాల గురించి, పిల్లల బడుల గురించి అడగడానికి వచ్చేవారే ఎక్కువ. ఈమధ్య ఒకరు నాన్నగారి బీరువాలో దొరికిన పాత తూటాల డబ్బాతో వచ్చారు. ఇంకొకరికి అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి, దుప్పి వేటకు ఏ తూటా మంచిదో తాతగారి నోట్‌బుక్కులో ఉందేమో చూడమన్నాడట. ఇద్దరికీ ఉపయోగపడేలా మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

తూటా అంటే

మనం తూటా అనేదానిలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి గొట్టం, అడుగున క్యాప్, లోపల మందు, కొసన గుండు. పాయింట్ 315, పాయింట్ 275 అనే అంకెలు గుండు వ్యాసాన్ని అంగుళాల్లో సుమారుగా చెబుతాయి. ఏ తుపాకీకి ఏ తూటా అన్నది దాని గొట్టం మీదే చెక్కి ఉంటుంది. వేరే తూటా పట్టినట్టే కనిపించినా పేల్చితే ప్రాణానికే ప్రమాదం.

పాతవారు ఎలా ఎంచుకున్నారు

బ్రిటిషువారి కాలంలో సైన్యం వాడే పాయింట్ 303 తూటాను పౌరులకు అందనివ్వలేదు. అందువల్ల ఆస్ట్రియా 8 మిల్లీమీటర్ల తూటా నుంచి వచ్చిన పాయింట్ 315 మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది. దాని గుండు సుమారు 16 గ్రాములు. బరువైనది, వేగం తక్కువ. మన అడవుల్లో దుప్పి కనబడేది నూరు గజాల లోపే కాబట్టి అది సరిపోయేది. కృష్ణజింకలు తిరిగే బయలు ప్రదేశాల్లో మాత్రం 9 గ్రాముల గుండును వేగంగా, తిన్నగా పంపే పాయింట్ 275 వంటివి మేలు. పన్నెండు బోరువారు పెద్ద గుళ్ల ఎల్‌జీ తూటా వాడేవారు. అది నలభై గజాలు దాటితే గుళ్లు చెదిరి, జంతువు గాయపడి పారిపోయేది.

బోలారంలో పుట్టి, బెంగళూరులో స్థిరపడి, చిత్తూరు జిల్లా అడవుల కథలు కూడా రాసిన కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) వాడినది పాయింట్ 405 వించెస్టర్. అది పులికి తగిన తుపాకీ. చుక్కల దుప్పికి వాడితే మాంసం పాడవుతుంది. పాయింట్ 22 గురిపోటీలకు పనికొస్తుంది, దుప్పి మీద వాడితే గాయం తప్ప చావు రాదు. 

గుండు రకం కూడా ముఖ్యమే. కొస మెత్తగా ఉన్న గుండు లోపలికి వెళ్లి విచ్చుకుంటుంది, జంతువు త్వరగా పడిపోతుంది. పూర్తిగా రాగి తొడుగున్న గుండు నేరుగా దూసుకుపోతుంది. దెబ్బ తిన్న దుప్పి మైళ్లు పరుగెత్తి ఎక్కడో పొదలో చస్తుంది. దెబ్బతిన్న జంతువును వెదకకుండా ఇంటికి రావడం తప్పని మన పెద్దలు చెప్పేవారు.

ఇప్పుడు ఇక్కడ

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణతో అనుమతి తీసుకుని వేటాడే పద్ధతి కూడా పోయింది. కాబట్టి కర్ణాటకలో గానీ ఆంధ్ర, తెలంగాణల్లో గానీ దుప్పి వేటకు సరైన తూటా అంటూ ఏదీ లేదు. కొడగులో కొందరికి ఉన్న మినహాయింపు తుపాకీ లైసెన్సు వరకే. వేటకు అది వర్తించదు.

1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీకే కాదు, తూటాకూ లైసెన్సు ఉండాలి. ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. లైసెన్సుదారు కాలం చేస్తే, వాటిని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. తుపాకీ ఉంచుకోదలచిన వారసులు 2016 ఆయుధ నియమాల కింద బెంగళూరులోనైతే నగర పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. తూటాలను చెత్తలో వేయవద్దు, చెరువులో పారేయవద్దు. నాన్నగారి పాత సంచీ తీసుకుని ప్రయాణానికి వెళ్లేముందు ప్రతి జేబూ తడిమి చూడండి. విమానాశ్రయంలో ఒక్క తూటా దొరికినా కేసు మీ మీదికే వస్తుంది.

అమెరికాలోని పిల్లలకు

అక్కడ లైసెన్సుతో వేట చట్టబద్ధం. పాయింట్ 243 వించెస్టర్ (1955) భుజానికి దెబ్బ తక్కువ, కొత్తవారికి అనువు. పాయింట్ 308 (1952), పాయింట్ 30-06 (1906) పెద్ద దుప్పులకూ సరిపోతాయి. ఒహాయో వంటి రాష్ట్రాల్లో రైఫిల్‌తో వేటాడాలంటే నిటారు గొట్టమున్న తూటాలే వాడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ, తూటా ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. దుకాణానికి వెళ్లేముందే ఇది తెలుసుకోమని చెప్పండి.

డబ్బా తెచ్చినవారికి మేము చెప్పింది ఇదే: తూటాలు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోండి, నాన్నగారి నోట్‌బుక్కు మాత్రం దాచుకోండి.