దారి నేర్చిన తారాజువ్వలు

దీపావళినాడు మనము వెలిగించు తారాజువ్వ ఒకసారి లేచిన పిదప మన మాట వినదు. గాలి ఎటు తోసిన అటు పోవును. దానికి దారి నేర్పిననాడే నేటి క్షిపణి పుట్టినది. ఈ విద్య రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనీలో వేగముగా పెరిగినది.

1943 సెప్టెంబరు 9న జర్మను విమానములు 'ఫ్రిట్జ్-ఎక్స్' అను బాంబులను విడిచి, రేడియో సంకేతములతో వాటిని మళ్లించి, ఇటలీవారి 'రోమా' యుద్ధనౌకను ముంచినవి. 1944 జూన్ 13 మొదలు లండనుపై వి-1 పడసాగెను. అందు మనిషి లేడు. గైరోస్కోపు దానిని దిక్కు తప్పనీయదు. ముక్కుననున్న చిన్న గాలిమర తిరిగిన చుట్లే దూరము లెక్క. లెక్క నిండగానే అది తల వంచి క్రిందికి దూకును.

వి-2 అంతకు మించినది. 1942 అక్టోబరు 3న పీనెముండెలో జయప్రదముగా ఎగిరెను. ఎత్తు సుమారు 14 మీటర్లు; మోయు మందుగుండు ఇంచుమించు ఒక టన్ను. ఆల్కహాలు, ద్రవ ఆక్సిజను కలిసి ఒక నిమిషము మండును. ఆ నిమిషములోనే గైరోస్కోపులు దానిని దారిలో పెట్టవలెను. ఆపైన అది విసరిన రాయివంటిదే. ధ్వనికన్న వేగముగా వచ్చుటచే, అది వచ్చు చప్పుడు ప్రేలుడు తరువాతనే వినబడును. 1944 సెప్టెంబరు 8న లండనును తాకెను. డిసెంబరు 16న ఆంట్‌వెర్ప్‌లో ఒక సినిమాహాలుపై పడి 567 మందిని చంపెను.

పీనెముండెపై 1943 ఆగస్టులో ఆంగ్లేయులు బాంబులు వేసిన పిదప, ఈ పనిని నార్డ్‌హౌజెను వద్ద కొండ సొరంగములలోనికి మార్చిరి. అక్కడి డోరా శిబిరమునకు, దాని అనుబంధ శిబిరములకు తెచ్చిన సుమారు 60,000 మంది ఖైదీలలో దాదాపు 20,000 మంది చనిపోయిరి. వి-2 పడి చచ్చినవారికన్న దానిని చేయుచు చచ్చినవారే ఎక్కువని చరిత్రకారులందురు. దానిని రూపొందించిన ఫాన్ బ్రౌన్ తరువాత అమెరికా చేరి, 1969లో మనుష్యుని చంద్రునివద్దకు మోసిన సాటర్న్-5 నిర్మాణమునకు నాయకుడయ్యెను.

మేము రైల్వే గుమాస్తాలము. సరకుల లెక్క వ్రాయుట మా వృత్తి. ఆ క్షిపణులును రైలు బండ్లమీదనే కదలినవి. మావంటి గుమాస్తా ఎవరో వాటి టన్నులు తప్పు లేకుండ వ్రాసియే యుండును. చేసినవారి లెక్క ఆ కాగితములో పట్టదు.

మా పిల్లలు చంద్రయానము కథ అడిగినపుడు ఆ విద్య గొప్పతనమును చెప్పుదుము. సొరంగములోని లెక్కను కూడ చెప్పుదుము. ఉగాది పచ్చడిలో బెల్లము మాత్రమే ఏరి పిల్లల చేతిలో పెట్టము గదా!