మోటారు మేస్త్రీల విద్యాభ్యాస చరిత్ర

మన దేశమున చేతిపనికిని చదువునకును నడుమ బహుకాలముగా నొక గోడ గలదు. మోటారు మరమ్మతు విద్య చరిత్రను పరిశీలించినచో ఆ గోడ యెట్లు లేచినదియు, ఎచ్చట కొంత పగిలినదియు తెలియగలదు. మన సంఘీయుల బిడ్డలు పెక్కండ్రు ఈ వృత్తివలన జీవించుచున్నందున ఈ విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

1886లో జర్మనీయందు కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు పొందెను. యంత్రము పుట్టినది గాని దానిని బాగుచేయువాడింకను పుట్టలేదు. 1888లో ఆయన భార్య బెర్తా ఆ బండిపై దూరప్రయాణము చేసినప్పుడు దారిలో గొలుసును బాగుచేసినవాడు ఒక కమ్మరి; అరిగిన బ్రేకునకు తోలు తొడిగినవాడు ఒక చర్మకారుడు. మోటారు మరమ్మతునకు ఆదిగురువులు గ్రామవృత్తుల వారేయని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల?

తెలుగునాటను ఇట్లే జరిగెను. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను నెలకొల్పిరి. ఆ కాలపు బస్సులకు చట్రమును ఇంజనును సీమనుండి వచ్చెడివి. పైకట్టడము మాత్రము కఱ్ఱతో నిచ్చట చేయబడెడిది. కావున వడ్రంగము నేర్చిన చేయియు, కమాను పట్టీలను కాల్చి సాగగొట్టగల చేయియు మోటారు షెడ్డునకు కావలసివచ్చెను. ఉలియు సుత్తియు పట్టినవారి కుమారులు పానా పట్టుట అట్లు సహజమయ్యెను.

షెడ్డులోని చదువునకు పుస్తకము లేదు, క్రమము మాత్రము గలదు. చేరిన బాలుడు మొదట కిరసనాయిలుతో మరలు కడుగవలెను. పిదప మేస్త్రీ బండిక్రింద పండుకొని చేయి చాపి నంబరు చెప్పినంతనే ఆ నంబరు పానాను తడవుకొనక అందీయవలెను. ఈ యందించుటలోనే ఏ మరకు ఏ కొలత యగునో వానికి అబ్బును. తరువాత చక్రములు, బ్రేకులు, ఆపైన గేరుపెట్టె, ఇంజను తెఱచుట కడపటిది. వాల్వుల సందును చెవితో గుర్తించుట, పొగరంగును చూచి రోగము చెప్పుట అను విద్యలు ఏండ్ల తరబడి ప్రక్కన నిలిచినవానికే దక్కెడివి. కొందఱు మేస్త్రీలు కీలకమైన పని వచ్చినపుడు శిష్యుని టీ తెమ్మని పంపెడివారని వాడుక. ఇది అపవాదు మాత్రమే యని మేమనజాలము. ఇట్లు నేర్చినవారిచేతనే విజయవాడ ఆటోనగరము వంటి పేటలు పెరిగినవి.

అయితే ఈ పద్ధతికి రెండు లోపములుండెను. పదియేండ్ల బాలునిచేత బడి మాన్పించుట యొకటి. 2016లో సవరింపబడిన చట్టము, కుటుంబపు పనులు మొదలగు స్వల్ప మినహాయింపులు తప్ప, 14 ఏండ్లలోపు వారిని ఏ పనియందును నియోగింపరాదని శాసించినది. నేర్చిన విద్యకు కాగితము లేకుండుట రెండవది. ఈ లోపమువలన ఇరువది యేండ్ల యనుభవము గలవాడును పెద్ద కంపెనీ వాకిట నిలువలేకపోయెను.

పనిని చదువుతో జోడింపవచ్చునని ఇతర దేశములు ముందే చూపినవి. 1916లో అమెరికాలో హెన్రీ ఫోర్డు స్థాపించిన వృత్తి పాఠశాలలో బాలురు ఒక వారము తరగతిలోను రెండు వారములు పనిశాలలోను గడపుచు, భృతియు పొందెడివారు. ఆ పాఠశాల 1952 వఱకు నడచెను. మన ప్రభుత్వము 1950లో వృత్తికారుల శిక్షణపథకమును ఆరంభించెను. ఐ.టి.ఐ. లలోని మోటారు మెకానిక్కు కోర్సు రెండేండ్లది. పదవ తరగతి నెగ్గినవారు చేరవచ్చును. 1961 అప్రెంటిసు చట్టము కర్మాగారములు శిష్యులను చేర్చుకొని భృతి నీయవలెనని విధించెను. ఊహ మంచిది. కాని విప్పి బిగించుటకు పాత ఇంజను ఒక్కటే గల బడిలో పదుల కొలది విద్యార్థులు చుట్టు నిలిచి చూచినచో చేతికి పని యెట్లు వచ్చును? షెడ్డువానికి కాగితము లేదు. కాగితము గలవానికి చేయి తిరుగలేదు.

కార్బురేటరు పోయి కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ యెడము మఱింత బాధాకరమైనది. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట బి.ఎస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఇప్పటి బండ్లలో సెన్సారులు చెప్పు సంకేతమును స్కానరుపై చదువవలెను. తీగల పటమును అర్థము చేసికొనవలెను. చెవి గొప్పదే, కాని విద్యుత్తు బండి నుండి దానికి వినబడున దల్పము. పైగా అందలి అధికపీడనపు తీగను తెలియక తాకినచో ప్రాణహాని.

షెడ్డులో నేర్చినవారి నైపుణ్యమును పరీక్షించి ధ్రువపత్ర మిచ్చు ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల వికాస పథకమునందు చేర్చబడినది. దీని పేరైన వినని మేస్త్రీలు ఎందఱో యున్నారు. ధ్రువపత్రము కొలది దినములలో చేతికి వచ్చును. తీగల పటము చదువుటకు మాత్రము నెలలు పట్టును. మన దాతలు విద్యార్థి వేతనముల నిర్ణయమునకు కూర్చుండునపుడు ఇంజనీరింగు విద్యార్థుల ప్రక్కన ఐ.టి.ఐ. బాలురను, సాయంకాలము స్కానరు నేర్వగోరు నడివయసు మేస్త్రీని కూడ లెక్కింపుడని కోరుచున్నాము.