87వ నిమిషం దాకా ఈవుడ్ పార్క్‌లో

2012 మే 7, సోమవారం. రాత్రి ఎనిమిది కావస్తోంది. బ్లాక్‌బర్న్‌లో, బోల్టన్ రోడ్డు మీద, జనంతో పాటు మీరూ ఈవుడ్ పార్క్ వైపు నడుస్తున్నారు. ఉత్తర ఇంగ్లండులో ఈ వేళప్పుడు ఇంకా వెలుతురు ఉండాలి. కానీ మబ్బు దట్టంగా కమ్మేసింది, వాన పడుతూనే ఉంది, ఫ్లడ్‌లైట్లు వేసేశారు. స్టేడియం బయట జాక్ వాకర్ విగ్రహం తడిసి మెరుస్తోంది. ఉక్కు వ్యాపారంలో సంపాదించిన డబ్బు తెచ్చి సొంత ఊరి క్లబ్‌లో పోసి, 1995లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని ప్రీమియర్ లీగ్ చాంపియన్‌ని చేసిన మనిషి ఆయన. లోపలికి వెళ్లేవాళ్లలో చాలామంది ఆ విగ్రహం దగ్గర ఓ క్షణం ఆగి వెళ్తున్నారు.

మెడలో స్కార్ఫులు ఉన్నాయి, పాటలు మాత్రం లేవు. అందరి నోటా లెక్కలే. పాయింట్లు 31, మిగిలినవి రెండే ఆటలు. ఇవాళ విగాన్ మీద, వచ్చే ఆదివారం చెల్సీ మీద. రెండూ గెలిస్తే 37. పైనున్న క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కి ఇప్పటికే 37 ఉన్నాయి. నిన్న వాళ్లు స్టోక్ మీద గెలవడంతో ఉరి ఇంకొంచెం బిగిసింది. డ్రా అయినా చాలదు, ఇవాళ గెలిచి తీరాలి. ఓడితే పదకొండేళ్లుగా ఒక్క ఏడూ తప్పకుండా ఆడిన ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోవడమే. 1888లో ఫుట్‌బాల్ లీగ్ పుట్టినప్పుడు ఉన్న పన్నెండు క్లబ్బుల్లో ఇదొకటి. ఈవుడ్‌లో 1890 నుంచి ఆడుతోంది. ఈ లెక్క వేస్తున్నవాళ్ల తాతలూ ముత్తాతలూ ఊళ్లోని నేతమిల్లుల్లో పనిచేసి, శనివారం మధ్యాహ్నం నేరుగా ఇక్కడికే వచ్చేవాళ్లు.

సీట్లో కూర్చుంటే ఎదురుగా చొక్కాలు కనిపిస్తాయి. నిలువునా సగం నీలం, సగం తెలుపు. ఈ ఏడు వాటి ముందు ఏ కంపెనీ పేరూ లేదు. ప్రిన్సెస్ ట్రస్ట్ అనే సేవాసంస్థ పేరుంది.

ఆట మొదలైన కాసేపటికే స్టాండులో కలకలం. ఎవరో మైదానంలోకి కోడిని వదిలారు. దాని ఒంటికి రోవర్స్ జెండా చుట్టి ఉంది. తడి గడ్డి మీద అది అటూ ఇటూ పరుగెత్తుతోంది, పట్టుకోబోతే చేతికి చిక్కడం లేదు. టీవీలో చూసేవాళ్లు నవ్వుకుంటారేమో, ఇక్కడ మీ వరుసలో నవ్వినవాళ్లు తక్కువ. ఈ కోడి ఒక ఫిర్యాదు. ఇన్నాళ్లూ నోటితో చెప్పి, బ్యానర్ల మీద రాసి, ఊరేగింపులు తీసి, ఇంక చెప్పే దారి దొరక్క వదిలిన ఫిర్యాదు.

ఆ కోడి వెనక మన కథ కూడా ఉంది. బి.వి. రావు 1971లో హైదరాబాదులో మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్ తర్వాత పూణేకి చేరి దేశంలోనే పెద్ద కోళ్ల వ్యాపారమైంది. ఆయన పిల్లలు అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు. 2010 నవంబరులో సుమారు 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు ఈ క్లబ్‌ని వాళ్ల వెంకీస్ సంస్థ కొన్నది. ప్రీమియర్ లీగ్‌లో అది మొదటి భారతీయ యాజమాన్యం. మన దగ్గర పత్రికలు గర్వంగా రాశాయి, అందులో తప్పేం లేదు. రొనాల్డీన్యోని తెస్తారన్న మాట కూడా వినిపించింది. కానీ నెల తిరక్కముందే, జట్టు 13వ స్థానంలో నిలకడగా ఉండగా, మేనేజర్ శామ్ అలర్డైస్‌ని తీసేశారు. అంతకుముందు ఏ జట్టుకీ మేనేజర్‌గా చేయని కోచ్ స్టీవ్ కీన్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఏడు ఆఖరి రోజున వుల్వ్స్ మీద 3-2తో గెలిచి జట్టు గట్టెక్కింది. ఆ గట్టెక్కడమే ప్రమాదమైందని నాకనిపిస్తుంది. అంతా బాగానే ఉందనుకునే వీలు అదే ఇచ్చింది.

ఈ సీజన్ మొదలుకాకముందే ఫిల్ జోన్స్ మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లిపోయాడు. ఇక్కడే ఆట నేర్చుకుని ఎదిగిన కుర్రాడు. మొదటి ఆటే సొంతగడ్డ మీద వుల్వ్స్ చేతిలో ఓటమి. ఆగస్టు చివర్లో ఎవర్టన్ నుంచి యాకుబు వచ్చాడు. నైజీరియా వాడు, పరుగు పెద్దగా ఉండదు, గోల్ ముందు బంతి దొరికితే మాత్రం వదలడు. సెప్టెంబరులో ఆర్సెనల్ మీద 4-3తో గెలిచినప్పుడు ఈ స్టేడియం కప్పు ఎగిరిపోతుందా అన్నంత గోల. డిసెంబరు 3న స్వాన్సీ మీద నాలుగు గోల్స్, నాలుగూ అతనివే.

సరిగ్గా పదిహేడు రోజులకు, డిసెంబరు 20న, మళ్లీ ఇదే స్టాండులో ఉన్నారు మీరు. అట్టడుగున ఉన్న బోల్టన్ వచ్చి 2-1తో గెలిచి, తన చోటు మనకిచ్చి వెళ్లింది. ఆ రాత్రి ఆట ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నది కేకలు. కీన్ దిగిపో అని మొదలైన అరుపు తొంభై నిమిషాలూ ఆగలేదు. పక్కనున్న పెద్దాయన అరవలేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు. అరిచేవాళ్లను ఆపనూ లేదు. సొంత జట్టు ఆడుతుంటే సొంత మేనేజర్ మీద అరవడం సరికాదని బయటివాళ్లు అన్నారు. సరికాకపోవచ్చు. కానీ పూణే దాకా వేల మైళ్లు వెళ్లి చెప్పుకోలేనివాళ్లకు, చెప్పుకునే చోటు ఆ సీటొక్కటే.

ఇక డిసెంబరు 31, మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్. వాళ్ల మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌కి ఆ రోజు డెబ్బై ఏళ్లు నిండాయి. పట్టికలో అడుగున ఉన్న జట్టు పుట్టినరోజు పిలుపుకి వచ్చినట్టే అందరూ మాట్లాడారు. యునైటెడ్ ఆటగాడు బెర్బటోవ్ తప్పు చేశాడు, పెనాల్టీ, యాకుబు గోల్. రెండో సగం మొదట్లో యాకుబుదే ఇంకోటి. అప్పుడు బెర్బటోవ్ రెండు కొట్టి సమం చేశాడు. మీరున్న మూలలో ఊపిరి బిగబట్టారు, ఇలాంటి ఆటలు ఎలా ముగుస్తాయో తెలుసు గనుక. 80వ నిమిషంలో మనకు కార్నర్ కిక్. వాళ్ల గోల్‌కీపర్ దె హేయా బంతిని సరిగ్గా అందుకోలేకపోయాడు. మన ఇరవై ఏళ్ల డిఫెండర్ గ్రాంట్ హాన్లీ తలతో కొట్టాడు. 3-2. మీ మీద ఎవరు పడ్డారో, మీరు ఎవరి మీద పడ్డారో తెలియదు. మే నెలలో మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ చెరి 89 పాయింట్లతో సమంగా నిలిచి, గోల్స్ తేడాతో కప్పు సిటీకి వెళ్తుంది. ఆ మధ్యాహ్నం యునైటెడ్ పోగొట్టుకున్న పాయింట్లు ఎటు వెళ్లాయో లాంకషైర్‌లో ప్రతివాడికీ గుర్తే. కప్పు ఎవరిదో తేల్చిన ఆటల్లో ఒకటి గెలిచిన జట్టు అదే ఏడు దిగిపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. ఆటగాళ్లలో సత్తా లేదన్న మాట ఆ గెలుపు తర్వాత ఎవరూ అనలేకపోయారు.

ఆ డిసెంబరులోనే క్లబ్ లోపలి పెద్ద ఉద్యోగి పాల్ హంట్ యాజమాన్యానికి ఉత్తరం రాశాడు. మేనేజర్‌ని మార్చండి, అభిమానులు దూరమవుతున్నారు అని. స్టాండులో అరిచినవాళ్లు చెప్పిందే ఆఫీసులో కూర్చున్నతను కాగితం మీద పెట్టాడు. అప్పుడేమీ మారలేదు. ఆ ఉత్తరం బయటపడింది ఈ మే నెలలోనే, దాంతో ఆయన ఉద్యోగమూ పోయింది.

తర్వాతంతా జారుడే. ఫిబ్రవరిలో ఆర్సెనల్ చేతిలో 7-1. జట్టుకి వెన్నెముక లాంటి క్రిస్ సాంబా రష్యాకి వెళ్లిపోయాడు. మార్చిలో వుల్వ్స్ మీద, సండర్లాండ్ మీద గెలిచి కాస్త తల ఎత్తారు. ఏప్రిల్లో యునైటెడ్, లివర్‌పూల్ రెండూ ఆఖరి నిమిషాల్లో గోల్స్ కొట్టి గెలిచాయి. నార్విచ్ మీద మాత్రం 2-0తో గెలిచారు.

అలా వచ్చాం ఈ సోమవారానికి.

రెండో సగం. వాన హోరెక్కువైంది. బంతి కొన్నిచోట్ల నీళ్లలో ఆగిపోతోంది. గోల్స్ లేవు. గోల్ లేకపోయినా మనకు ఓటమే అని అందరికీ తెలుసు, అయినా బంతి విగాన్ వైపు వెళ్లినప్పుడల్లా జనం లేచి నిలబడుతున్నారు, మళ్లీ కూర్చుంటున్నారు. గడియారం 80 దాటింది. డార్వెన్ ఎండ్‌లో విగాన్ వాళ్ల పాట పెరుగుతోంది. గెలిస్తే వాళ్లు నిలబడిపోతారు. 87వ నిమిషంలో వాళ్లకి కార్నర్. బోసెజూర్ కొట్టాడు. బంతి గుంపు మధ్యకి వచ్చింది. పరాగ్వే డిఫెండర్ అల్కరాజ్ ఎగిరి తలతో తోశాడు. మన గోల్‌కీపర్ పాల్ రాబిన్‌సన్‌ని దాటింది, వల కదిలింది.

కొందరు వెంటనే లేచి వెళ్లిపోయారు. ఎక్కువమంది వెళ్లలేదు. విజిల్ మోగాక ఇటువైపు ఆటగాళ్లు బురదలో కూలబడ్డారు. మళ్లీ అదే అరుపు, ఈసారి కోపం కంటే అలసట ఎక్కువగా వినిపించే అరుపు. స్టాండు దిగి వస్తుంటే మెట్ల మీద ఎవరూ ఎవరినీ తోసుకోలేదు. యాకుబు ఉంటాడా, హోయ్‌లెట్ ఉంటాడా, ఎన్‌జోంజీ ఉంటాడా అని అప్పుడే మాటలు మొదలయ్యాయి. ఆ వేసవిలో ముగ్గురూ వెళ్లిపోతారు. కీన్ మాత్రం సెప్టెంబరు ఆఖరు దాకా ఉంటాడు. 2017లో, ఇదే మే 7న, ఈ క్లబ్ మూడో డివిజన్‌కి జారుతుంది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్లలో అంత కిందికి వెళ్లిన మొదటిది ఇదే. ఇవేవీ ఈ రాత్రి బోల్టన్ రోడ్డు మీద నడిచేవాళ్లకి తెలియవు. వాళ్లు అడుగుతున్నది, ఆదివారం చెల్సీకి బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందని. ఆ ఆదివారం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో 2-1తో ఓడారు. ఆ ఒక్క గోలూ యాకుబుదే, లీగ్‌లో అతని 17వది.