నాలుగు పార్కులు, పదిహేను సెలవులు

నుమాయిష్‌కి ఎన్ని రోజులు వెళ్లాలి అని హైదరాబాదులో ఎవరూ అడగరు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు నాంపల్లిలో అది అలా ఉంటుంది. ఓ సాయంత్రం వెళ్తాం, జెయింట్ వీల్ ఎక్కుతాం, మిర్చి బజ్జీ తింటాం, కశ్మీరీ శాలువా ఒకటి అరగంట బేరమాడి కొనకుండా వచ్చేస్తాం. చూడనిది ఏమైనా మిగిలితే ఇంకో ఆదివారం చూసుకోవచ్చు. మిగిలిపోయినా బెంగేం ఉండదు.

అదే ఫ్లోరిడాలోని ఆర్లాండోకి బయలుదేరే ఏ కుటుంబాన్నైనా చూడండి. ఏ రైడ్ ఎక్కాలి, ఎక్కడ తినాలి అన్నవి తర్వాతి సంగతులు. ముందు తేలాల్సింది ఎన్ని రోజులు అన్నది. నాలుగు చాలా? ఐదు కావాలా? పిల్లల్ని అంత దూరం తీసుకెళ్లి రెండే రోజులా? ఈ ప్రశ్న ఎంత సహజంగా వస్తుందంటే, అది ఎప్పుడూ ఉన్నదే అనిపిస్తుంది. కానీ దానికీ ఓ పుట్టుక ఉంది. వందేళ్ల కిందట అమెరికాలో మామూలు జనం దాన్ని అడిగేవాళ్లు కాదు. అడగడానికి వాళ్ల దగ్గర అన్ని రోజులు ఉండేవి కావు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో న్యూయార్కు జనం సరదా పడితే వెళ్లే చోటు కోనీ ఐలండ్. సముద్రం, ఇసుక, దాని వెనక రంగులరాట్నాలు, వింతల గుడారాలు. 1897లో జార్జ్ టిల్యూ అనే ఆయన అక్కడ తన ఆటలన్నిటి చుట్టూ గోడ కట్టి, స్టీపుల్‌చేజ్ పార్క్ అని పేరు పెట్టి, గేటు దగ్గరే డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టాడు. 1903లో లూనా పార్క్, 1904లో డ్రీమ్‌ల్యాండ్ వచ్చి చేరాయి. టిల్యూ మామూలు వ్యాపారి కాడు. 1907లో తన పార్కు తగలబడిపోతే, ఆ బూడిద చూడ్డానికి మనిషికి పది సెంట్లు అని బోర్డు పెట్టిన ఘటికుడు. అలాంటివాడు కూడా తన గేటు దగ్గర నిలబడ్డ జనానికి రెండో రోజు అమ్మలేకపోయాడు. వాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో, బట్టలు కుట్టే షాపుల్లో పనిచేసేవాళ్లు. వారానికి ఒక ఆదివారం, అంతే. 1920 నాటికి సబ్‌వే రైలు అక్కడిదాకా వచ్చింది. ఐదు సెంట్ల టికెట్టుతో పొద్దున్నే వచ్చి, రాత్రికి ఇల్లు చేరి, సోమవారం మళ్లీ మిషను ముందు కూర్చునేవాళ్లు.

1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో మొదలైన డిస్నీల్యాండ్ కూడా, గట్టిగా చూస్తే, ఒక్కరోజు ముచ్చటే. నారింజ తోటలున్న 160 ఎకరాలు కొని కట్టారు. రైలు స్థానంలో కారు వచ్చింది, ఆదివారపు కూలివాళ్ల స్థానంలో సొంతిల్లున్న మధ్యతరగతి కుటుంబం వచ్చింది. అయినా లెక్క పాతదే. పొద్దున వచ్చి చీకటి పడ్డాక వెళ్లడం.

వాల్ట్ డిస్నీకి అక్కడ ఒక విషయం బాగా కొరుకుడుపడలేదు. పార్కు గోడ దాటగానే మోటెళ్లు పుట్టుకొచ్చాయి. ఆయన పార్కు చూడ్డానికి దూరం నుంచి వచ్చినవాళ్లు రాత్రి పడుకునేది వేరేవాళ్ల మంచాల మీద. చివరికి డిస్నీల్యాండ్ హోటల్ అని పేరున్న హోటల్ కూడా ఆయనది కాదు. పార్కు కట్టేసరికే డబ్బు అయిపోవడంతో జాక్ రాథర్ అనే టీవీ నిర్మాత దాన్ని కట్టాడు. డిస్నీ కంపెనీ చేతికి అది వచ్చింది 1988లో. అంటే పగలు డిస్నీది, రాత్రి పక్కవాళ్లది.

ఫ్లోరిడా ఆ రాత్రి కోసమే అని నాకనిపిస్తుంది. 1960ల మధ్యలో వేరే వేరే కంపెనీల పేర్ల మీద, కొనేది ఎవరో బయటపడకుండా, ఆర్లాండో దగ్గర దాదాపు 27,000 ఎకరాల చిత్తడి నేల కొన్నారు. మన లెక్కలో సుమారు 110 చదరపు కిలోమీటర్లు. ఆ స్థలంలో పార్కు ఎంత పెద్దది కట్టినా ఓ మూలకే వస్తుంది. మిగతాదంతా పక్కవాడి మోటెల్ కనబడనంత దూరం. వాల్ట్ 1966 డిసెంబరులో పోయాడు. అన్న రాయ్ డిస్నీ రిటైర్మెంటు వాయిదా వేసుకుని పని పూర్తిచేశాడు. 1971 అక్టోబరు 1న గేట్లు తెరిచేటప్పటికి లోపల ఉన్నది ఒక్క పార్కు, రెండు హోటళ్లు. అయినా దాన్ని వాళ్లు పార్కు అనలేదు, సెలవుల రాజ్యం అన్నారు. రాజ్యానికి ఎవరూ ఓ పూట వెళ్లి రారు కదా!

అప్పటికింకా జనం లెక్కపెట్టుకునేది రోజుల్ని కాదు, ఆటల్ని. గేటు టికెట్టుతో పాటు కూపన్ల పుస్తకం ఇచ్చేవాళ్లు. ఏ, బీ, సీ, డీ, ఈ అని కూపన్లకి తరగతులు. మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు బండి ఎక్కడానికి ఏ కూపన్ చాలు, పెద్ద రైడ్లకి ఈ కూపన్ కావాలి. ఈ కూపన్లు ముందు అయిపోయేవి, ఏ కూపన్లు మిగిలిపోయి ఇంటికొచ్చి సొరుగుల్లో చేరేవి. అద్భుతమైన అనుభవాన్ని ఈ-టికెట్ అనడం అమెరికన్ల మాటల్లో ఇప్పటికీ ఉంది. ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. కూపన్లు అయిపోతే చూడ్డం అయిపోయినట్టే. ఇక చాలు అని చెప్పడానికి చేతిలో ఒక ఖాళీ పుస్తకం ఉండేది.

1982 అక్టోబరు 1న ఫ్లోరిడాలో రెండో పార్కు ఎప్కాట్ మొదలైంది. ఆ ఏడాదే కూపన్ పుస్తకాలు పోయి, లోపల ఎన్నిసార్లు ఏదైనా ఎక్కగలిగే టికెట్టు వచ్చింది. ఒక రోజుది, లేదా కొన్ని రోజులది. ఈ ప్రశ్నకి పుట్టినరోజంటూ ఒకటి పెట్టాల్సి వస్తే నేను ఆ తేదీనే పెడతాను. కొలత ఆట నుంచి రోజుకి మారింది అక్కడే. ఆ తర్వాత 1989లో మూడో పార్కు, 1998లో నాలుగోది. పార్కుకో రోజు అన్న లెక్క దానంతటదే స్థిరపడింది. ఇదంతా చూసి యూనివర్సల్ వాళ్లు ఊరుకుంటారా? అదే ఊళ్లో 1990లో ఒక పార్కు, 1999లో రెండోది, 2025 మేలో ఎపిక్ యూనివర్స్ అని మరొకటి కట్టారు. 2014లో వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. హ్యారీ పాటర్ ప్రపంచాన్ని రెండు ముక్కలు చేసి, ఊరు ఒక పార్కులో, లండన్ వీధి ఇంకో పార్కులో పెట్టి, మధ్యలో హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు నడిపారు. ఆ రైలెక్కాలంటే రెండు పార్కులకీ చెల్లే టికెట్టు ఉండాలి. కథ మీద ప్రేమ ఉన్న పిల్లని ప్లాట్‌ఫారం మీదే ఆపగలిగే తల్లిదండ్రులుంటే చేతులెత్తి దండం పెడతాను.

2005లో డిస్నీ టికెట్ ధరలు మార్చింది. మొదటి మూడు రోజులకి గట్టిగా తీసుకుని, ఆపై ప్రతి అదనపు రోజుకీ కొద్ది డాలర్లు మాత్రమే కలిపే పద్ధతి పెట్టింది. నాలుగు రోజుల టికెట్టు కొన్నవాడికి ఐదోది దాదాపు కొసరులా కనబడుతుంది. కూరగాయల బండి దగ్గర కరివేపాకు లాగా. ఆ మార్పులోనే ఇంకోటి కూడా ఉంది. అంతకుముందు పలురోజుల టికెట్టులో వాడని రోజులు మిగిలితే, పదేళ్ల తర్వాత వచ్చినా చెల్లేవి. 2005 నుంచి మొదటిసారి గేటు దాటిన 14 రోజుల్లో వాడుకోవాల్సి వచ్చేది, లేదా గడువు లేకుండా ఉండటానికి అదనంగా కట్టాల్సి వచ్చేది. కొన్నేళ్లకి ఆ వీలూ తీసేశారు. రోజులు చవకయ్యాయి, కానీ దాచుకోవడానికి వీల్లేకుండా పోయాయి.

ఈ చవక రోజు దగ్గరే మా ఇంటి కథ మొదలవుతుంది. అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. మేనకోడలికి తొమ్మిదేళ్లు. పదో పుట్టినరోజు వస్తే డిస్నీ లెక్కలో తను పెద్దవాళ్ల టికెట్టు కొనాలి. అంచేత ఈ ఏడాదే వెళ్లాలని వదిన పట్టు. అన్నయ్య ఎక్సెల్ షీట్ ఒకటి పంపి, "నువ్వు ఇలాంటివి బాగా చదువుతావు కదా, నాలుగు రోజులా ఐదు రోజులా చెప్పు" అన్నాడు. షీట్‌లో టికెట్ ధర, హోటల్, తిండి, కారు అద్దె అన్నీ ఉన్నాయి. లేని వరస ఒక్కటే. సెలవులు.

అన్నయ్యకి ఏడాదికి పదిహేను పీటీవోలు. జ్వరం వచ్చినా అందులోంచే, పాపకి స్కూలు లేకపోయినా అందులోంచే, కాకినాడలో అమ్మని చూడటానికి వచ్చినా అందులోంచే. పదిహేను పనిదినాలంటే శని ఆదివారాలు కలుపుకుని మూడు వారాలు. రానూ పోనూ ప్రయాణాలకి, నిద్ర సర్దుకోవడానికి ఐదారు రోజులు పోతాయి. ఆర్లాండోకి ఐదు పనిదినాలు తీస్తే ఇండియాకి మిగిలేవి రెండు వారాలే. అందులో మా ఇల్లు, వదినా వాళ్ల విజయవాడ, ఓ పెళ్లి, ఓ బ్యాంకు పని. అమ్మ వాటాకి ఎన్ని వస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇది అన్నయ్య ఒక్కడి ఇబ్బంది కాదు, దీని వెనకా ఒక చరిత్ర ఉంది. 1936లో ఫ్రాన్సులో పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులకి జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టం చేసింది. అదే ఏడాది ఇంగ్లాండులో బిల్లీ బట్లిన్ స్కెగ్నెస్ దగ్గర సముద్రతీరంలో తన మొదటి హాలిడే క్యాంపు తెరిచాడు. వారం జీతానికి వారం సెలవు అన్నది అతని వ్యాపార సూత్రం. 1938లో బ్రిటన్‌కీ సెలవు జీతాల చట్టం వచ్చింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజులకీ ఒక రోజు జీతంతో సెలవు రాసిచ్చింది. అమెరికా 1938లో కనీస వేతనం, ఓవర్‌టైం గురించి పెద్ద చట్టమే చేసింది. జీతంతో సెలవు మాత్రం అందులో పెట్టలేదు. ఇప్పటికీ దేశం మొత్తానికీ అలాంటి చట్టం లేదు. కంపెనీ ఇచ్చినన్ని, ఇచ్చినప్పుడు.

ఈ తేడా టికెట్ కౌంటర్ దగ్గర కూడా కనబడుతుంది. బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకి డిస్నీ 14 రోజుల టికెట్టు ప్రత్యేకంగా అమ్ముతూ వచ్చింది. వాళ్లకి చట్టప్రకారం ఏడాదికి 5.6 వారాల సెలవు. అందులో రెండు ఫ్లోరిడాకి ఇచ్చినా మూడున్నర మిగులుతాయి. అదే ఫ్లోరిడాకి న్యూజెర్సీ నుంచి వెళ్లేవాడు ఐదు రోజులా నాలుగు రోజులా అని తర్జనభర్జన పడతాడు. పార్కు ఇద్దరికీ ఒకటే. జేబులో ఉన్న రోజులు వేరు.

అన్నయ్యకి నేను రాసింది ఇది. టికెట్ ధరలో ఐదో రోజు చవక. సెలవుల్లో ఐదో రోజు ధర మొదటి రోజు ధరంతే. షీట్‌లో ఆ వరస కలిపి, పై నుంచి కాకుండా కింద నుంచి లెక్కపెట్టు. ముందు కాకినాడకి ఎన్ని అనేది రాయి. తర్వాత జ్వరాలకి రెండు పక్కన పెట్టు. మిగిలింది ఆర్లాండో. గురువారం బయలుదేరి ఆదివారం రాత్రికి వస్తే పోయేవి రెండు పనిదినాలే. ఆ నాలుగు రోజుల్లో ప్రయాణాలు పోను రెండు పార్కులు చూడొచ్చు. ఏ రెండో పాపని ఎంచుకోమను. మిగతా రెండూ చూడకపోతే ఏం పోతుంది? అమెరికాలో పుట్టి పెరిగేవాళ్లలోనూ అన్నీ చూసినవాళ్లు ఎవరూ ఉండరు. వాళ్లు చూసేసరికి ఇంకోటి కడతారు.

వదినకి ఇది పూర్తిగా నచ్చలేదు. "అంత ఖర్చుపెట్టి సగం చూసొస్తామా?" అంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. విమానం టికెట్లు రెండు రోజులకైనా ఐదు రోజులకైనా అంతే. ఇండియా ప్రయాణంలో సగం రోజులు చుట్టాల ఇళ్లలో కాఫీలు తాగడానికే పోతాయని కూడా అంది. అదీ నిజమే. పాప మటుకు అరగంటలో రెండు పార్కులు తేల్చేసింది. కోట ఉన్నదొకటి, జంతువులున్నదొకటి. మరో గంట చర్చ జరిగాక అన్నయ్య గురువారానికే టికెట్లు తీశాడు. ఇండియాకి పదకొండు సెలవులు రాశాడు.

కొత్త తేదీలు చెబుదామని ఆ రాత్రే అమ్మకి ఫోన్ కలిపాడు, నన్ను కూడా లైన్లో పెట్టి. ఆర్లాండో గురించి గానీ, పార్కుల గురించి గానీ ఆవిడకి ఇంకా ఎవరం చెప్పలేదు. డిసెంబరులో వస్తున్నాం అని వాడు అన్నాడో లేదో, ఏ ఏడాది ఫోన్ చేసినా ముందు అడిగేదే అడిగింది.

"ఈసారి ఎన్ని రోజులుంటార్రా?"