అబర్బరీ అనే తల్లి

హెలెన్, అకిలీస్, హెక్టర్‌ల కథ మనకు కొత్తది కాదు. కానీ ఇలియడ్ చదివినప్పుడల్లా నన్ను ఆపివేసేది, 6వ సర్గలో పట్టుమని పది పంక్తులైనా లేని ఒక కుటుంబగాథ.

ట్రాయ్ రాజు లయొమెడాన్ కొడుకులలో జ్యేష్ఠుడు బౌకోలియన్. తల్లి అతణ్ణి రహస్యంగా కన్నది. ఆమె పేరు హోమర్ చెప్పడు. రాజ్యం తమ్ముడు ప్రియామ్‌కు దక్కింది. 20వ సర్గలో ఐనియాస్ తమ వంశావళిని ఏకరువు పెడుతూ లయొమెడాన్‌కు ఐదుగురు కొడుకులను పేర్కొంటాడు. అందులో ఈ పెద్దకొడుకు లేడు.

బౌకోలియన్ గొర్రెలు మేపుకొంటున్న రోజులలో అబర్బరీ అనే జలకన్య అతణ్ణి వరించింది. గ్రీకులు నైయాడ్‌లని పిలిచే మంచినీటి దేవతలలో ఆమె ఒకతె. వారికి కవలలు పుట్టారు: ఐసెపస్, పెడసస్. మొదటివాడిది ఇడా పర్వతం నుండి పారే నది పేరు. నేటి టర్కీలో దానిని గోనెన్ అంటారు. రెండవవాడిది సాట్నియోయిస్ నది ఒడ్డున ఉన్న ఊరి పేరు. అంటే ఆ తల్లి బిడ్డలు ఆ నేలకూ నీటికీ చెందినవారు. వరుసకు హెక్టర్‌కు పినతండ్రి, పెదతండ్రి బిడ్డలు.

ఈ సంగతులన్నీ మనకెప్పుడు తెలుస్తాయి? గ్రీకు వీరుడు యూరియాలస్ ఆ ఇద్దరినీ చంపి, భుజాల మీది కవచాలు ఒలుచుకొనేటప్పుడు. కవి వెంటనే మరొక మరణానికి సాగిపోతాడు.

ఇది ఒక్కచోటి మాట కాదు. 14వ సర్గలో ఏజాక్స్ చేత చచ్చిన సాట్నియస్, 20వ సర్గలో అకిలీస్ చేత చచ్చిన ఇఫిటియన్ కూడా నైయాడ్‌ల బిడ్డలే. ఆ తల్లులకు పేర్లయినా లేవు. ముగ్గురు తల్లుల బిడ్డలూ ట్రాయ్ పక్షాన పోరాడినవారే, ఒక్కరూ మిగలలేదు.

సముద్రకన్య థెటిస్ మాత్రం కొడుకు అకిలీస్ కోసం 18వ సర్గలో తోబుట్టువులందరితో కలిసి శోకిస్తుంది. బిడ్డ ఇంకా బతికి ఉండగానే ఆమె దుఃఖానికి కావ్యంలో అంత చోటు దొరికింది. ఇద్దరు కొడుకులను ఒకేసారి పోగొట్టుకొన్న అబర్బరీ ఏడ్చిందో లేదో మనకు తెలియదు. కొడుకులు చావకపోతే ఆమె పేరు కూడా మనదాకా వచ్చేది కాదు. యుద్ధకావ్యం తల్లులను జ్ఞాపకం పెట్టుకొనే పద్ధతి ఇదేనేమోనని నాకు అనిపిస్తుంది.